అమ్మిన బాకీ, మిగిలిన నష్టం

(మైదవోలు నరసింహంగారి స్మృతిలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



మైదవోలు నరసింహంగారిని మన బ్యాంకింగ్ సంస్కరణల పితామహుడని అంటారు. ఆ మాట అన్నాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆయన ఏం చెప్పారో, అందులో మనం విన్నదెంతో, సగం విని వదిలేసిందేమిటో చూడరు. ఇవాళ నేను అలా సగం విన్న ఒక సిఫార్సు గురించే మాట్లాడతాను. మొండి బాకీని బ్యాంకు పద్దులోంచి తీసి, కాగితంగా మార్చి, మదుపరులకు అమ్మి వసూలు చేయించే పద్ధతి అది. దాన్ని సెక్యూరిటైజేషన్ అంటున్నాం. మన దేశంలో దానికి ఇరవై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో సంతోషపడదగ్గది కొంచెమే. కానీ పద్ధతిలో లోపం లేదనీ, మనం వాడిన తీరులోనే లోపం ఉందనీ నా నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు మీ ముందు పెడతాను.

నరసింహంగారు 1950లో రిజర్వు బ్యాంకులో పరిశోధనాధికారిగా చేరారు. 1977లో మే నుంచి నవంబరు దాకా గవర్నరుగా ఉన్నారు. రిజర్వు బ్యాంకు సొంత ఉద్యోగుల్లోంచి ఆ కుర్చీ దాకా వెళ్లినవారు ఆయనే. 1975లో ఆయన అధ్యక్షతన కూర్చున్న బృందం చెప్పిన మీదటే ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు పుట్టాయి. మొదటి ఐదూ ఆ ఏడు అక్టోబరు 2న తలుపులు తెరిచాయి. హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేశారు. 2021 ఏప్రిల్ 20న ఈ నగరంలోనే కోవిడ్‌తో కన్నుమూశారు. పల్లెకు అప్పు చేరాలని బ్యాంకులు పెట్టించిన మనిషే, పదహారేళ్ల తర్వాత, ఇచ్చిన అప్పు తిరిగి రాకపోతే లెక్క ఎలా రాయాలో చెప్పారు. ఈ రెండూ ఒకే ఆలోచనకు రెండు చివరలు. రాని బాకీని వచ్చినట్టు రాసుకున్న బ్యాంకుకు రేపు కొత్తవాడికి అప్పిచ్చే శక్తి ఉండదు.

1991కి ముందు పద్ధతి ఇక్కడున్న కుర్రవాళ్లకు చెబితే నమ్మరు. అప్పు తీసుకున్న కంపెనీ వడ్డీ కట్టినా కట్టకపోయినా, బ్యాంకు ఆ వడ్డీని ఖాతాలో వేసి ఆదాయంగా చూపుకునే వీలుండేది. లాభం కాగితం మీద ఉండేది, డబ్బు ఎక్కడా ఉండేది కాదు. 1991 ఆగస్టులో ఏర్పడి నవంబరులో నివేదిక ఇచ్చిన నరసింహం కమిటీ, వడ్డీ చేతికి వస్తేనే ఆదాయమని తేల్చింది. బాకీలను వాటి స్థితిని బట్టి వర్గాలు చేసి, ఒక్కోదానికీ నష్టం కింద ఇంత కేటాయింపు చూపాలంది. ఆ నియమాలు అమల్లోకి రాగానే ముసుగు తొలగింది. 1993 మార్చి నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకులిచ్చిన అప్పుల్లో 23.2 శాతం నిరర్థకమని తేలింది. నాలుగు రూపాయల్లో ఒక రూపాయికి దగ్గర.

ఆ నివేదికలోనే ఆస్తుల పునర్నిర్మాణ నిధి ఒకటి పెట్టాలన్న సిఫార్సు ఉంది. బ్యాంకుల దగ్గరున్న చెడ్డ, సందేహాస్పద బాకీల్లో కొంత భాగాన్ని ఆ నిధి కొనాలి. కొనేది పూర్తి ధరకు కాదు, తగ్గింపు ధరకు. ఆ తగ్గింపు ఎంతో స్వతంత్ర ఆడిటర్లు, ముందే రాసిపెట్టిన నియమాల ప్రకారం నిర్ణయించాలి. ఈ చివరి వాక్యాన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి. బాకీ ఎంతకు పోవాలో అమ్మేవాడూ చెప్పకూడదు, కొనేవాడూ చెప్పకూడదు, ఇద్దరితోనూ లావాదేవీ లేని మూడోవాడు చెప్పాలి. నా ఉపన్యాసమంతా ఈ వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

ఆ నిధి రాలేదు. 1993లో రుణ వసూళ్ల ట్రిబ్యునళ్ల చట్టం వచ్చింది, అదీ ఆయన కమిటీ చెప్పిందే. బ్యాంకుల మూలధనం తరిగిపోతే ప్రభుత్వం బాండ్లిచ్చి నింపింది. 1998లో ఆయన రెండో కమిటీ మళ్లీ అదే విషయం ఎత్తింది. సందేహాస్పద, నష్ట వర్గాల బాకీలను వాటి నుంచి నిజంగా రాబట్టగలిగిన విలువకు ఒక సంస్థకు అప్పగించి, ఆ విలువకు సరిపడా బాండ్లు బ్యాంకులకు ఇవ్వమంది. తర్వాత న్యాయవాది టి.ఆర్. అంధ్యారుజినా అధ్యక్షతన ఒక కమిటీ చట్టపు రూపం ఆలోచించింది. చివరికి 2002 జూన్ 21న ఆర్డినెన్సుగా వచ్చి, ఆ డిసెంబరులో చట్టమైంది సర్ఫేసీ. పేరులో మొదటి మాటే సెక్యూరిటైజేషన్. అయినా జనానికి తెలిసింది రెండో సగం మాత్రమే. తెలుగు దినపత్రికల లోపలి పేజీల్లో వరసగా కనిపించే స్వాధీన ప్రకటనలు ఆ సగానివే. 60 రోజుల నోటీసు, కట్టకపోతే తనఖా ఆస్తి స్వాధీనం, ఆ పైన వేలం. కోర్టు మెట్లెక్కకుండా ఇంత అధికారం బ్యాంకుకు ఎప్పుడూ లేదు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. అయితే ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే బాకీలో 75 శాతం ముందే కట్టాలన్న షరతును కొట్టేసింది. అది చాలా మంచి తీర్పు. న్యాయం అడగడానికే స్తోమత లేనివాడి ముందు తలుపు మూసే షరతది.

మొదటి సగం సంగతికి వద్దాం. సెక్యూరిటైజేషన్ అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక బ్యాంకు దగ్గర కట్టడం ఆగిపోయిన చిన్న పరిశ్రమల అప్పులు వెయ్యి ఉన్నాయనుకోండి. మొత్తం బాకీ 100 కోట్లు. తనఖా ఆస్తులు, పూచీదారుల స్థితి, కోర్టులో ఉన్న కేసుల వయసు అన్నీ చూసి, వచ్చే ఐదారేళ్లలో 35 కోట్లు రావచ్చని నిపుణులు అంచనా వేశారు. ఈ వెయ్యి అప్పులనూ ఒక ట్రస్టుకు బదలాయిస్తారు. ట్రస్టు రెండు మూడు అంచెల్లో కాగితాలు జారీ చేస్తుంది. వసూలైన మొదటి 20 కోట్లు పై అంచెవారికి. వాళ్లకు ముప్పు తక్కువ, రాబడీ తక్కువే. ఆ తర్వాత వచ్చేది మధ్య అంచెకు, మిగిలింది కింది అంచెకు. కింది అంచె కొన్నవాడు అంచనా తప్పితే మొత్తం పోగొట్టుకుంటాడు, నిజమైతే బాగా గడిస్తాడు. కాబట్టి వాడు కొనే ముందు ఫైళ్లన్నీ తిరగేస్తాడు, కొన్నాక వసూళ్ల వెంట పడతాడు.

సక్రమంగా వాయిదాలు కట్టే ఇంటి రుణాల సెక్యూరిటైజేషన్‌కూ దీనికీ తేడా ఉంది. అక్కడ నెలనెలా వాయిదా వస్తుంది. ఇక్కడ డబ్బు వేలాల్లోంచి, రాజీల్లోంచి వస్తుంది. ఆరు నెలలు ఏమీ రాకపోవచ్చు, ఒక్క గోడౌను అమ్ముడైతే ఒక్కరోజులో 3 కోట్లు రావచ్చు. అందుకే ఖాళీ నెలల్లో పై అంచెకు వడ్డీ కట్టడానికి కొంత నగదు ముందే పక్కన పెట్టాలి. అంతకన్నా ముఖ్యం, వసూలు చేసే సంస్థ సమర్థత. ఈ కాగితం విలువ ఆ ఒక్కదాని మీదే నిలబడుతుంది.

మన చట్టం ఈ పనిని ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అప్పగించింది. ఏఆర్‌సీలని పిలుస్తున్నాం. స్టేట్ బ్యాంకు, ఐసీఐసీఐ, ఐడీబీఐ కలిసి పెట్టిన ఆర్సిల్ వీటిలో మొదటిది. ఏఆర్‌సీ బాకీని కొని, ట్రస్టు పేరున సెక్యూరిటీ రసీదులు జారీ చేస్తుంది. రసీదులు మామూలు జనం కొనడానికి వీల్లేదు, అర్హత ఉన్న సంస్థలే కొనాలి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ కొన్నదెవరు? చాలా సందర్భాల్లో బాకీ అమ్మిన బ్యాంకే!

రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఏఆర్‌సీ తన వాటాగా 5 శాతం రసీదులు ఉంచుకుంటే సరిపోయేది. 2014 ఆగస్టు దాకా అదే సాగింది. పైన చెప్పిన 100 కోట్ల బాకీని 50 కోట్లకు అమ్మారనుకోండి. ఏఆర్‌సీ చేతిలోంచి పడేది రెండున్నర కోట్లు. మిగిలిన 47 కోట్ల 50 లక్షలకు బ్యాంకు రసీదులు పుచ్చుకుంటుంది. బక్కచిక్కిన ఎద్దును సంతకు తోలి, నూటికి ఐదు రూపాయలు చేతిలో పెట్టి, తొంభై ఐదుకు ‘ఎద్దు దున్నినప్పుడు ఇస్తాను’ అని చీటీ రాసిచ్చినవాడికి పగ్గం అప్పగించి ఇంటికొచ్చినట్టుంది ఆ బేరం. ఎద్దు మన కొట్టంలో లేదు. డబ్బూ మన పెట్టెలో లేదు.

ఏఆర్‌సీ తీసుకునే యాజమాన్య రుసుం సంగతి ఇంకా విచిత్రం. రుసుం బాకీ వసూలు మీద కాకుండా, బయట ఉన్న రసీదుల మొత్తం మీద లెక్కకట్టేవారు. ఏడాదికి ఒకటిన్నర శాతం అనుకుందాం. 50 కోట్ల మీద 75 లక్షలు. మూడేళ్ల నాలుగు నెలలు గడిచేసరికి ఏఆర్‌సీ పెట్టిన రెండున్నర కోట్లు రుసుం రూపంలోనే తిరిగొచ్చేస్తాయి. ఒక్క బాకీదారు తలుపు తట్టకపోయినా సరే. పైగా ధర ఎంత ఎక్కువ రాసుకుంటే రుసుం అంత ఎక్కువ. బ్యాంకుకూ ఎక్కువ ధరే కావాలి, నష్టం తక్కువగా కనబడుతుంది కదా. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ ఎక్కువ ధర కోరుకున్న బేరం ప్రపంచంలో మరెక్కడైనా చూశారా? నరసింహంగారు అడిగిన ఆ మూడో మనిషి అక్కడ లేడు. రేటింగు సంస్థలున్నాయి, కానీ అవి వచ్చింది ధర కుదిరాక.

నేను రికవరీ విభాగంలో పనిచేసిన రోజుల్లో మార్చి నెల వస్తోందంటే ఈ అమ్మకాల ఫైళ్లు ఎలా పరుగెత్తేవో నాకు తెలుసు. ఏప్రిల్ ఒకటి నాటికి నిరర్థక ఆస్తుల శాతం తగ్గాలి, అంతే. బాకీ వసూలవుతుందా అన్న ప్రశ్న ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండేది కాదు. 2014 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, అమ్మకం మీద వచ్చే నష్టాన్ని రెండేళ్లకు పంచి చూపుకోవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చింది. బ్యాంకుల్ని త్వరపెట్టాలన్నది దాని ఉద్దేశం. కానీ నష్టాన్ని వాయిదా వేసే అలవాటున్నవాడికి మరో వాయిదా ఇచ్చినట్టే అయింది.

ఫలితం ఏమిటో 2021లో సుదర్శన్ సేన్ కమిటీ లెక్కతో చెప్పింది. 2004 నుంచి 2013 దాకా ఏఆర్‌సీలకు అమ్మిన మొండి బాకీల్లో బాకీదార్లు ఇవ్వాల్సిన మొత్తంలో బ్యాంకులకూ ఇతర మదుపరులకూ తిరిగొచ్చింది 14.29 శాతం. నూటికి పద్నాలుగు రూపాయలు. 2021 డిసెంబరులో ఆదాయపు పన్ను శాఖ నాలుగు ఏఆర్‌సీల మీద సోదాలు చేసి, బాకీ ఎగ్గొట్టిన గ్రూపులకూ కొన్ని ఏఆర్‌సీలకూ మధ్య బొమ్మ కంపెనీల ద్వారా సంబంధాలు బయటపడ్డాయని ప్రకటించింది. దివాలా చట్టంలో 29ఏ సెక్షన్ పెట్టి, ముంచిన యజమాని తన కంపెనీనే చవగ్గా తిరిగి కొనుక్కోకూడదని 2017లో ముందు తలుపు మూశారు. పక్క తలుపు తెరిచి ఉందని ఆ సోదాలు చెప్పాయి. ఈ మాట చెబుతుంటే నాకు నిజంగా బాధగా ఉంది. డిపాజిటరు సొమ్ముతో ఇచ్చిన అప్పు అది.

రిజర్వు బ్యాంకు చూస్తూ ఊరుకోలేదని కూడా చెప్పాలి. 2014 ఆగస్టులో ఏఆర్‌సీ వాటాను 5 నుంచి 15 శాతానికి పెంచింది. రుసుమును రసీదుల ముఖవిలువ మీద కాకుండా, రేటింగు సంస్థ కట్టిన నికర విలువ మీద లెక్కించమంది. మన ఉదాహరణలో ఆ నియమం కింద ఏఆర్‌సీ ఏడున్నర కోట్లు పెట్టాల్సి వచ్చేది. అదే రుసుంతో ఆ సొమ్ము రావాలంటే పదేళ్లు పడుతుంది, రసీదు ఆయుష్షేమో గరిష్ఠంగా 8 ఏళ్లు. అంటే వసూలు చేస్తేనే గిట్టుబాటు. ఈ ఒక్క మార్పుతో అమ్మకాల జోరు తగ్గింది. తగ్గిన ఆ జోరే అంతకుముందు జరిగినవి ఎలాంటి అమ్మకాలో చెబుతుంది. ఆ తర్వాత 2017 ఏప్రిల్ నుంచి, తను అమ్మిన బాకీల మీది రసీదుల్లో సగానికి పైగా ఒక బ్యాంకు తనే పట్టుకుంటే, ఆ బాకీ ఇంకా తన పద్దులోనే ఉన్నట్టు లెక్కగట్టి కేటాయింపు చూపాలన్నారు. 2018 ఏప్రిల్ నుంచి ఆ హద్దును 10 శాతానికి దించారు. ఈ నియమం నాకు అన్నిటికన్నా నచ్చింది. అమ్మానని చెప్పి అమ్మని బ్యాంకును, నువ్వు అమ్మలేదని లెక్కే చెబుతుంది.

ఈ పని ఇతర దేశాలు ఎలా చేశాయో రెండు ఉదాహరణలు చూద్దాం. అమెరికాలో 1980ల చివర పొదుపు సంఘాలు వందలుగా కూలిపోయాయి. 1989లో కాంగ్రెసు రిజల్యూషన్ ట్రస్ట్ కార్పొరేషన్‌ను పెట్టింది. 1995లో మూసేసేలోగా అది 747 సంఘాల ఆస్తుల్ని తేల్చింది. సక్రమంగా కడుతున్న రుణాల్ని బాండ్లుగా మార్చి అమ్మింది. అంతకన్నా మనకు పనికొచ్చేది అది మొండి బాకీల విషయంలో చేసిన పని. ఎన్-సిరీస్ ట్రస్టులని పెట్టి, బాకీల బుట్టను అందులో వేసి, 49 శాతం వాటాను పోటీ వేలంలో ప్రైవేటు సంస్థకు అమ్మింది. వసూలు బాధ్యత ఆ సంస్థదే. 51 శాతం ప్రభుత్వ సంస్థే ఉంచుకుంది. వేలంలో ధర తేలింది, నగదు వచ్చింది. ఆస్తుల ధర తర్వాత పెరిగితే సగానికి పైగా లాభం ప్రజల పద్దుకే చేరింది. ప్రైవేటు భాగస్వామి దాదాపు సగం వాటాకు తన డబ్బు పెట్టాడు కాబట్టి నిద్రపోలేదు. మన 5 శాతాన్ని ఆ 49 పక్కన పెట్టి చూడండి.

రెండోది ఇటలీ. 2015 నాటికి అక్కడి బ్యాంకుల దగ్గర పూర్తిగా మునిగిన బాకీలే దాదాపు 20,000 కోట్ల యూరోలు. కోర్టులో తనఖా తేలాలంటే ఏళ్లు పట్టే దేశం, మనకు పరిచయమైన జబ్బే. 2016లో ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. మొండి బాకీల కాగితాల్లో పై అంచెకు మాత్రం ప్రభుత్వం పూచీ ఉంటుంది. ఆ పూచీ ఉచితంగా రాదు, బ్యాంకు మార్కెట్ ధరకు రుసుం కట్టాలి, ఏళ్లు గడిచేకొద్దీ రుసుం పెరుగుతుంది. స్వతంత్ర రేటింగు సంస్థ ఆ అంచెకు మదుపుకు తగిన రేటింగు ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, కింది అంచెలో సగం కన్నా ఎక్కువ బయటివాళ్లకు అమ్ముడయ్యాకే పూచీ అమల్లోకి వస్తుంది. అంటే బ్యాంకుతో సంబంధం లేని ఎవడో ఒకడు తన సొంత డబ్బు పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి, అప్పుడే ప్రభుత్వం చెయ్యి వేస్తుంది. 1472లో పుట్టిన మోంటే దేయ్ పాస్కీ బ్యాంకు 2018లో ఈ దారినే దాదాపు 2,400 కోట్ల యూరోల బాకీలు వదిలించుకుంది. గ్రీసు 2019 చివర్లో హెర్క్యులస్ పేరుతో దాదాపు ఇదే పద్ధతి ఎత్తుకుంది. అంతకు రెండు మూడేళ్ల ముందు సగానికి చేరువలో ఉన్న మొండి బాకీల శాతం 2022కల్లా ఒక అంకెకు దిగింది. ఇటలీలో కొన్ని బుట్టల వసూళ్లు మొదటి అంచనాలకు వెనకబడ్డ మాట నిజమే. ఆ దెబ్బ ముందు తగిలింది తెలిసి కింది అంచె కొన్నవాళ్లకు.

మన బ్యాడ్ బ్యాంకును ఈ వెలుగులో చూడాలి. 2021 జూలైలో బ్యాంకుల మొండి బాకీలు కొనడానికి ఎన్‌ఏఆర్‌సీఎల్ అనే కంపెనీ ఏర్పడింది. ప్రభుత్వ రంగ బ్యాంకులకు అందులో 51 శాతం వాటా. కొన్న బాకీకి 15 శాతం నగదు, 85 శాతం రసీదులు. ఆ రసీదులకు ప్రభుత్వం 30,600 కోట్ల దాకా ఐదేళ్ల పూచీ ఇచ్చింది. రూ.2 లక్షల కోట్ల బాకీలు కొంటుందన్నారు. పూచీ ఉండటం, దానికి గడువు ఉండటం మంచిదే. అయితే ఇటలీలో పూచీకి ముందు బయటి మదుపరి రావాలి. ఇక్కడ అమ్మేది బ్యాంకులు, కొనే కంపెనీలో పెద్ద వాటా బ్యాంకులదే, రసీదులు పట్టుకునేదీ బ్యాంకులే, పూచీ పడేది ఆ బ్యాంకుల యజమాని అయిన ప్రభుత్వం. డబ్బు అటునుంచి ఇటు కదులుతోంది, ఇల్లు మాత్రం దాటడం లేదు. చెల్లాచెదురుగా ఇరవై బ్యాంకుల దగ్గరున్న ఒకే పెద్ద బాకీని ఒక చోటికి చేర్చడం వరకు దాని వల్ల ఉపయోగం ఉంది. ధర కనుక్కోవడానికి అది సాధనం కాదు.

ఇక్కడే ఇంకో మాట. పెద్ద ప్రాజెక్టు బాకీలకు సెక్యూరిటైజేషన్ మందు అనుకోవడం పొరపాటు. మన గోదావరి తీరాన్నే చూడండి. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో గ్యాసు ఉత్పత్తి మొదలైంది. ఆ గ్యాసు మీద ఆశతో కొత్త విద్యుత్ కేంద్రాలకు వేల కోట్ల అప్పులిచ్చారు. మరుసటి ఏడు శిఖరానికి చేరిన ఉత్పత్తి తర్వాత పడిపోయింది. 2013 మార్చి నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాసు పూర్తిగా ఆగిపోయింది. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కేంద్రం కట్టి, అందులో 750 మెగావాట్ల యంత్రాలను చివరికి బంగ్లాదేశ్‌కు తరలించారు. గ్యాసు లేని టర్బైను మీది అప్పును ఎన్ని అంచెల కాగితాలుగా కోసినా అందులోంచి కరెంటు పుట్టదు, వాయిదా రాదు. 2017 జూన్‌లో దివాలా చట్టం కిందకు ముందు పంపాలని రిజర్వు బ్యాంకు చెప్పిన 12 పెద్ద ఖాతాల్లో హైదరాబాదుకు చెందిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. సరైన కొనుగోలుదారు తేలక 2018 ఆగస్టులో అది లిక్విడేషన్‌కు వెళ్లింది. ఇలాంటి బాకీలకు దారి దివాలా చట్టమే. అక్కడ ఒక్కో కంపెనీని విడిగా చూసి, బతుకుతుందో లేదో తేల్చాలి.

సెక్యూరిటైజేషన్ పనిచేసేది ఎక్కువ సంఖ్యలో, చిన్న మొత్తాల్లో, ఒకే రకంగా ఉన్న బాకీల మీద. వెయ్యి చిన్న పరిశ్రమల్లో ఏది కోలుకుంటుందో ముందే చెప్పలేం, కానీ వెయ్యింటిలో ఎంత వసూలవుతుందో పాత అనుభవం మీద అంచనా కట్టగలం. ఒక్క విద్యుత్ కేంద్రం మీద అలాంటి లెక్క ఉండదు. మనం ఇరవై ఏళ్లు దీన్ని తలకిందులుగా చేశాం. ఒక్కో పెద్ద బాకీకి ఒక్కో ట్రస్టు పెట్టి, అంచెలు లేకుండా ఒకే రకం రసీదులు జారీ చేసి, దానికి సెక్యూరిటైజేషన్ అని పేరు పెట్టాం.

అందుకే రిజర్వు బ్యాంకు ఇటీవలి ఆలోచన నాకు ఆశ కలిగిస్తోంది. 2019లో టి.ఎన్. మనోహరన్ అధ్యక్షతన కూర్చున్న కార్యదళం, ఏఆర్‌సీల దారితో పాటు మొండి బాకీలకు నేరుగా సెక్యూరిటైజేషన్ దారి కూడా తెరవమంది. 2023 జనవరిలో చర్చా పత్రం వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ముసాయిదా ఆదేశాలు వచ్చాయి. అందులో ఏకరూపమైన బాకీల బుట్ట ఉంది, అంచెలున్నాయి, వసూలుకు బాధ్యత వహించే రిజల్యూషన్ మేనేజరు అనే కొత్త పాత్ర ఉంది. ఆ మేనేజరు అమ్మిన బ్యాంకుకు సంబంధించినవాడు కాకూడదు. నరసింహంగారి మూడో మనిషి ముప్పై ఏళ్లు దాటాక ఒక మూల కనబడుతున్నాడు.

ఈ సందర్భంలో బాకీదారు గురించి చెప్పకపోతే నా మాట అసంపూర్ణమవుతుంది. ఇప్పటిదాకా బాకీ అంటే అంకె అన్నట్టు మాట్లాడాను. వెయ్యి అప్పుల బుట్టలో వెయ్యి కుటుంబాలున్నాయి. కావాలని ఎగ్గొట్టినవాడు కొందరు. సరుకు తీసుకున్న ప్రభుత్వ శాఖ ఏడాదైనా బిల్లు ఇవ్వక కూలిన చిన్న కాంట్రాక్టరు, కోవిడ్‌లో మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు యజమాని మరికొందరు. చట్టం సాగుభూమిని, లక్ష లోపు బాకీని సర్ఫేసీ పరిధి నుంచి తప్పించింది, అది సబబే. కానీ బాకీని అమ్మడానికి బాకీదారు సమ్మతి అక్కర్లేదు. బ్యాంకులు తమ బాకీని బదలాయించవచ్చని 2010లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. దాంతో పదిహేనేళ్లుగా ఒకే బ్రాంచికి వెళ్లిన మనిషి, ఒకరోజు ఎప్పుడూ పేరు వినని ట్రస్టు నుంచి ఇంగ్లిషులో నోటీసు అందుకుంటాడు. ఎవరికి కట్టాలో, రాజీ ఎవరితో మాట్లాడాలో తెలియదు. బాకీని 20 శాతానికి కొన్నవాడు ఇతని నుంచి 100 శాతం వడ్డీతో సహా అడుగుతాడు. అది న్యాయమా అని ఆ మనిషి అడిగితే సూటిగా జవాబు చెప్పగలగాలి. నా జవాబు ఇది: కొన్న ధర బాకీదారుకు తెలియాల్సిన పని లేదు, కానీ నిజాయితీగా కూలినవాడికి రాజీ ప్రతిపాదన ముందు రావాలి, వేలం నోటీసు తర్వాత రావాలి. అతని భాషలో రావాలి. తగ్గింపు ధరకు అమ్మడంలో ఉన్న అసలు సుగుణమే ఇది. పాత బ్యాంకు అధికారి నూటికి 40కి రాజీ పడితే రేపు విజిలెన్సు విచారణ వస్తుందని భయపడతాడు. 20కి కొన్నవాడు 35కు ఆనందంగా రాజీ పడగలడు. బాకీదారు బతుకుతాడు, మదుపరి లాభపడతాడు. నష్టం బ్యాంకు ముందే ఒప్పుకుంది కాబట్టే ఇది సాధ్యం.

2018 మార్చిలో మన బ్యాంకుల స్థూల నిరర్థక ఆస్తులు 11 శాతం దాటాయి. 2024 మార్చికి 2.8 శాతానికి దిగాయి. అందులో రద్దు రాతల వాటా పెద్దదే అయినా, బ్యాంకులు ఇవాళ బలంగా ఉన్నాయన్నది వాస్తవం. బలంగా ఉన్నప్పుడే ఈ మార్కెట్‌ను కట్టుకోవాలి. మునుగుతున్నప్పుడు నష్టం ఒప్పుకునే ధైర్యం ఏ బ్యాంకుకూ ఉండదు. అప్పుడు ఎలాంటి నియమం పెట్టినా దాన్ని దాటే దారి వెతుకుతారు.

కాబట్టి రిజర్వు బ్యాంకును నేను కోరేవి మూడు. అమ్మిన బ్యాంకు ఆ బుట్టలోని కింది అంచెను ఏ రూపంలోనూ తిరిగి పట్టుకోకుండా చూడాలి. రిజల్యూషన్ మేనేజరు రుసుములో పెద్ద భాగం చేతికొచ్చిన వసూలు మీదే ఉండాలి. మూడోది అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా అవసరం. ప్రతి ట్రస్టూ ఏ ధరకు కొన్నదో, ఏడాది ఏడాదీ ఎంత వసూలు చేసిందో, ఎంత రుసుం తీసుకుందో బాకీదారుల పేర్లు లేకుండా బహిరంగంగా ప్రకటించాలి. పదేళ్ల వసూళ్లు 14 శాతమేనని తెలుసుకోవడానికి మనకు 2021లో ఒక కమిటీ కావాల్సి వచ్చింది. ఆ లెక్క ఏటా డిపాజిటరుకు కనబడి ఉంటే ఆ బేరాలు అన్నేళ్లు సాగేవి కావు. ఈ హాల్లో ఉన్న బ్యాంకు అధికారులారా, రిజర్వు బ్యాంకు ఆదేశం కోసం ఎదురుచూడకుండా మీ బ్యాంకు అమ్మిన బాకీల మీది వసూళ్ల లెక్కను వచ్చే వార్షిక నివేదికలోనే అచ్చువేయించండి. దానికి ఏ చట్టమూ అడ్డు లేదు.